తేట

ఎక్కడమ్మా, అని అడిగింది డాక్టరు హేమసుందరి.
కింద, అన్నాను.
కింద అంటే?
కింద అంటే కిందే.
యాభై రెండేళ్ళ ఒంట్లో ఆ జాగా మొత్తానికి
మా అమ్మ నాకిచ్చిన మాట అదొక్కటే.

శ్రీకాకుళం నుంచి పలాస,
పందొమ్మిదేళ్ళుగా ఇదే రూటు.
స్టేజీలు నాకు ఊళ్ళ పేర్లతో గుర్తుండవు.
నరసన్నపేట: మరుగుదొడ్డి ఉంది, గడియ లేదు.
కోటబొమ్మాళి: గోడ చాటు, అదీ మగాళ్ళకి.
టెక్కలి: ఐదు రూపాయలు, నీళ్ళుంటే.
ఆ తర్వాత జీడితోటలు, బిగబట్టుకోవడం.

ఉద్దానం పక్కన పుట్టినదాన్ని,
నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో తెలీక కాదు.
మా చిన్నాన్న డయాలసిస్ మంచం మీద
చెయ్యి చాపి పడుకోవడం చూశాను.
అయినా డ్యూటీ రోజు గుక్కెడుతో సరిపెడతాను.
దగ్గితే కారుతుంది. నవ్వితే కారుతుంది.
స్పీడు బ్రేకరు మీంచి డ్రైవరు దూకిస్తే
టికెట్ మిషను పొట్టకి అదుముకుంటాను.
ఖాకీ కోటు మోకాళ్ళ దాకా ఉన్నందుకు
దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి.

రెండోది చెప్పడానికి ఇంకో నెల పట్టింది.
ముట్లుడిగాక, పక్క మీద,
ఎండలో మరిచిపోయిన తాటాకులా ఉండేది లోపల.
తవిటినాయుడు మంచోడు. అడగడు.
అడగడని తెలిసీ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.
ఆరేళ్ళు ఆ సున్నం పెచ్చులు లెక్కపెట్టాను.

నీ నెత్తురే తీసి, తిప్పి, తేట నీకే సూది వేస్తాం, అంది.
పీఆర్‌పీ అంటారట.
కొందరికి పనిచేసింది, కొందరికి లేదు,
గట్టి రుజువులింకా లేవమ్మా, నేను నమ్మబలకను,
ముందు మూడు నెలలు కండరాలు బిగించే కసరత్తు చెయ్యి,
అని పంపేసింది.
చేశాను. బస్సులో నిలబడే, చిల్లర ఏరుతూ,
బిగించి పది, వదిలి పది.
ఎవడికి తెలుస్తుంది?
కొంచెం తగ్గింది. కొంచెమే.

అప్పుడు వెళ్ళాను, చీటీ పాడిన డబ్బుతో.
మిషను గిర్రున తిరిగింది, మా పాత గ్రైండరులా వణుకుతూ.
గొట్టం తీసి వెలుతురుకి పెట్టి చూపించింది.
అడుగున ఎరుపు.
పైన, ఓలమ్మా,
కుండలో గంజి కదపకుండా ఉంచితే నిలిచే తేట,
చిటికెడు పసుపు కలిపినట్టు.
ఇది నాలోదేనా?
ఇన్నాళ్ళూ నెత్తురంటే నాకు తెలిసింది
నెలనెలా దాచి ఉతుక్కున్న గుడ్డ,
రెండు కాన్పులు, నిలవని కడుపు ఒకటి.
ఇంత తేటగా ఉండేదని ఎవరూ చెప్పలేదు.

మొద్దుబారే మందు రాశారు. సూది మాత్రం సూదే.
పళ్ళ మధ్య కొంగు పెట్టుకున్నాను.

ఆ రాత్రి లైటార్పి తవిటినాయుడికి చెప్పాను,
ఎక్కడ వేయించుకున్నానో, ఎందుకో.
కింద అనలేదు. డాక్టరు నేర్పిన మాటే అన్నాను.
చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"నొప్పెట్టిందేటి?" అన్నాడు.
ఆరేళ్ళలో ఆ గదిలో అంత మంచి మాట పడలేదు.

రెండు సూదులయ్యాయి. మూడోదానికి డబ్బు చూడాలి.
తేడా ఏటంటే తూకమేసి చెప్పలేను.
సూదిదో, కసరత్తుదో, నోరు విప్పినందుకో.
దగ్గితే ఇంకా ఒక చుక్క.
గోడవైపు మాత్రం తిరగడం లేదు.
నిన్న నరసన్నపేటలో గ్లాసుడు నీళ్ళు తాగాను, నిండా.

కోటబొమ్మాళి దాటాక
సున్నా టికెట్టు వేళ్ళలో నలిపేస్తూ ఒకామె,
కాలు మీద కాలు మెలేసి, రాడ్డు పట్టుకుని,
నుదుటి మీద చెమట.
ఆ నిలబడ్డం నాకు తెలుసు.
స్టేజీ కాదు. విజిల్ కొట్టాను.
"ఏటి దమయంతమ్మా?" అన్నాడు డ్రైవరు.
వెనక టైరు చూసుకో, అన్నాను.
దిగిందామె, జీడిమొక్కల వెనక్కి.
తిరిగొచ్చి కుచ్చిళ్ళు సర్దుకునేదాకా
నేను రైట్ అనలేదు.